హాట్ రాడ్ ట్రక్కు హుడ్‌కి లూవర్లు కొట్టించాలా, వద్దా? కోయకముందే తేల్చుకునే పద్ధతి

"టెక్సస్ ఎండకి నా 56 మోడల్ ఎఫ్-100 వేడెక్కిపోతోంది. హుడ్‌కి లూవర్లు కొట్టిస్తే తగ్గుతుందా?" అమెరికాలో పాత ట్రక్కు కొని, ఇంజిన్ మార్చి, హాట్ రాడ్‌గా తయారుచేసుకుంటున్న మనవాళ్లు ఏటా ఎండలు మొదలవగానే అడిగే ప్రశ్న ఇది. కొందరిది ఫోర్డ్, కొందరిది షెవర్లే 3100, ప్రశ్న మాత్రం ఒక్కటే. హుడ్ అంటే మన బానెట్, లూవర్లు అంటే వేడి గాలి పోవడానికి దాని రేకులో కొట్టే సన్నటి చీలికలు. అందరికీ పనికొస్తుందని వరుసగా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రేడియేటర్‌లో నీళ్లు వేడెక్కుతున్నాయని లూవర్లు కొట్టించుకునేవాళ్లలో ఎక్కువమందికి ఆ వేడి తగ్గదు. వంటింటి కిటికీ తెరిస్తే గదిలో ఉక్క తగ్గుతుంది కానీ పొయ్యి మీద గిన్నె చల్లారదు కదా. లూవర్లు ఇంజిన్ చుట్టూ పేరుకున్న వేడి గాలికి దారి చూపిస్తాయి. రేడియేటర్ చాలకపోయినా, ఫ్యాన్ సరిగ్గా లాగకపోయినా, టైమింగ్ (స్పార్క్ పడే వేళ) తప్పినా అవి చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ఎక్కడ ఎంత వేడి ఉందో కొలిచి చూసుకున్నాకే రేకు మీద చెయ్యి వేయాలి. ఒక్కసారి కోసిన హుడ్ మళ్లీ మునుపటిలా కాదు.

లూవర్ అంటే హుడ్ రేకుని ఒక పక్క చీల్చి పైకి ఉబ్బించిన సన్నటి నోరు. ఆ నోరు విండ్‌షీల్డ్ వైపు తిరిగి ఉంటుంది. 1928 నుంచి 1931 దాకా వచ్చిన ఫోర్డ్ మోడల్ ఏ హుడ్ పక్కరేకులకు కంపెనీవాళ్లే నిలువు లూవర్లు పెట్టి పంపేవారు. కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ ఎండు సరస్సుల మీద, ఆ తర్వాత యూటాలో బోనవిల్ ఉప్పు మైదానం మీద పందేలకు దిగినవాళ్లు హుడ్ పైభాగానికీ కొట్టించారు. అక్కడి వేగాల్లో హుడ్ కింద ఇరుక్కున్న గాలికి బయటపడే దారి కావాలి. ఆ రూపమే హాట్ రాడ్ గుర్తుగా నిలిచిపోయింది. మీరు కూడా ఆ రూపం కోసమే కొట్టించుకోవాలనుకుంటే అది న్యాయమైన కారణమే. చల్లదనం పేరు చెప్పి మీకు మీరే నచ్చజెప్పుకోనక్కర్లేదు. సరాసరి ఆరో మెట్టుకి వెళ్లండి.

కావలసినవి

- నమ్మదగిన టెంపరేచర్ గేజ్. డ్యాష్‌బోర్డ్‌లో పాతకాలపు గేజ్ ఉంటే దాన్ని నమ్మకండి. మెకానికల్ గేజ్ ఒకటి తాత్కాలికంగా తగిలించుకోండి.
- పొడవాటి తీగతో ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్, రెండు ప్రోబ్‌లు ఉంటే మరీ మంచిది
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్
- మాస్కింగ్ టేపు, ఊలు దారం, కత్తెర, లావుపాటి కాగితం
- 12 అడుగుల సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం, రంగు కలిపిన నీళ్లు, ఒక స్కేలు
- మెత్తటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం
- నోట్‌బుక్, పక్క సీట్లో కూర్చుని రాసేందుకు ఒక మనిషి

ఈ వ్యాసంలో వేడి అంకెలన్నీ ఫారెన్‌హీట్‌లోనే రాశాను, అక్కడి గేజ్‌ల మీద ఉండేది అదే కాబట్టి.

1. అసలు ఎక్కువ వేడెక్కుతోందా?

సూది 200 దగ్గరికి వెళ్లగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. మీ ఇంజిన్‌లో 180 థర్మోస్టాట్ (వేడెక్కాక నీళ్లని రేడియేటర్‌కి వదిలే కవాటం) ఉందా, 195 ఉందా ముందు తెలుసుకోండి. థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకోవాలంటే దాని మీద రాసి ఉన్న అంకె కంటే ఇంకొంచెం వేడి కావాలి. కాబట్టి 195 థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్ 205 దగ్గర నిలకడగా నడుస్తోందంటే దానికి జబ్బేమీ లేదు. కూలెంట్, నీళ్లు సగం సగం కలిపి, 15 పీఎస్ఐ ప్రెషర్ పట్టే రేడియేటర్ మూత బాగా బిగిసి ఉంటే ఆ మిశ్రమం 260 దాటాక గానీ మరగదు. పాత ఫ్లాట్‌హెడ్ రకం ఇంజిన్‌కి తక్కువ ప్రెషర్ మూత ఉంటుంది కాబట్టి అంత వెసులుబాటు ఉండదు.

చూడాల్సింది సూది ఎక్కడ ఉందని కాదు, ఎక్కడైనా ఆగుతోందా అని. 210 దగ్గర ఆగి అక్కడే ఉంటే ఒక సంగతి, 210, 220, 230 అంటూ ఎక్కుతూనే ఉంటే వేరే సంగతి.

గేజ్ నిజం చెబుతోందో లేదో తెలుసుకోవాలంటే థర్మోస్టాట్ హౌసింగ్ మీద నల్లటి మ్యాట్ టేపు ముక్క అంటించి, దాని మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గురిపెట్టండి. టేపు లేకుండా క్రోమ్ మీదో, మెరిసే అల్యూమినియం మీదో గురిపెడితే అది చాలా తక్కువ చూపిస్తుంది. ఆ తప్పుడు అంకెతో తప్పుడు నిర్ణయానికి వచ్చేవాళ్లు ఎంతోమంది.

హెచ్చరిక: వేడి మీద రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకండి. పై హోస్ చేత్తో నొక్కితే మెత్తగా, చల్లగా అనిపించేదాకా ఆగండి.

2. ఎప్పుడు వేడెక్కుతోంది?

రెండు మూడు రోజులు నోట్‌బుక్ పక్కన పెట్టుకుని నడపండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఎంత, 30 మైళ్ల వేగంలో ఎంత, 60లో పావుగంట పోయాక ఎంత, ఆ సమయానికి బయట ఎండ ఎంత అన్నీ రాయించండి. సగం సమస్య అక్కడే బయటపడుతుంది.

ఆగి ఉన్నప్పుడు పెరిగి, బండి కదలగానే తగ్గుతుంటే గాలి చాలడం లేదని అర్థం. ఫ్యాన్, ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) చూడాలి. ఆగినప్పుడు బాగానే ఉండి హైవే మీద పెరుగుతుంటే రేడియేటర్ సామర్థ్యం, లోపల పేరుకున్న మడ్డి, వేగంలో నొక్కుకుపోతున్న కింది హోస్, వెనకబడ్డ టైమింగ్, పెట్రోల్ తక్కువైన మిశ్రమం, వీటిలో ఏదో ఒకటి అయ్యే అవకాశం ఎక్కువ. వేడి గాలి బయటకు పోలేకపోవడం అన్నది ఈ వరుసలో చివర వస్తుంది.

మూడో రకం ఇంకొకటి ఉంది. నడిచినంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. పెట్రోల్ బంకులో ఆపి, పది నిమిషాల తర్వాత స్టార్ట్ చేస్తే మాత్రం అందుకోదు. అందుకున్నా నత్తుతూ నడుస్తుంది. మీది ఈ రకమైతే జాగ్రత్తగా చదవండి, లూవర్లు నిజంగా సాయపడేది మీకే. ఇంజిన్ ఆపగానే ఫ్యాన్ ఆగిపోతుంది, నీళ్ల ప్రవాహం ఆగిపోతుంది, బ్లాకులోనూ హెడర్లలోనూ (ఇంజిన్ పొగ బయటకు పోయే గొట్టాలు) ఉన్న వేడంతా పైకి లేచి కార్బరేటర్‌ని కమ్మేస్తుంది. పెట్రోల్‌లోని తేలికపాటి భాగాలు 100 డిగ్రీల చుట్టుపక్కలే ఆవిరి కావడం మొదలవుతుంది. 10 శాతం ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోల్‌తో ఈ బాధ ఇంకా ఎక్కువ. చలికాలం కోసం తయారుచేసిన పెట్రోల్ ట్యాంకులో ఉండగా మార్చిలో ఒక్కసారిగా ఎండ కాస్తే మరీ ఎక్కువ. వేడి గాలి తనంతట తానే పైకి పోవాలని చూస్తుంది. పైన దారి ఉంటే పోతుంది.

3. లూవర్ల కంటే ముందు సరిచేయాల్సినవి

ఇవన్నీ అయ్యేదాకా లూవర్ల మాట ఎత్తకండి.

ఫ్యాన్ ష్రౌడ్ ఉందా? పాత ట్రక్కులో షెవర్లే 350 ఇంజిన్ దింపినప్పుడు చోటు చాలక ష్రౌడ్ తీసి పారేసినవాళ్లు కోకొల్లలు. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ తన రెక్కల ముందున్న మేరకే గాలి లాగుతుంది, రేడియేటర్ నాలుగు మూలలూ ఉత్తవే. ఫ్యాన్ రెక్కల మందంలో సగం ష్రౌడ్ లోపల, సగం బయట ఉండాలి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే అది సరైన దిక్కులో తిరుగుతోందో లేదో ఒక కాగితం పెట్టి చూడండి. గ్రిల్లు వైపు నుంచి పెట్టిన కాగితం రేడియేటర్‌కి అతుక్కోవాలి.

రేడియేటర్ పైనా పక్కలా సందులు ఉన్నాయా? 1953 నుంచి 1956 దాకా వచ్చిన ఎఫ్-100లకు గ్రిల్లు వెడల్పుగా ఉంటుంది. గ్రిల్లులోంచి వచ్చిన గాలి రేడియేటర్‌లోంచి దూరాలంటే కష్టం, పక్క సందులోంచి జారుకోవడం సులువు. పైగా ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వైపు వేడి గాలి అవే సందుల్లోంచి ముందుకొచ్చి మళ్లీ రేడియేటర్‌లో దూరుతుంది. అల్యూమినియం రేకుతోనో, రబ్బరు పట్టీతోనో ఆ సందులు మూసేయండి. పని చిన్నదే, ఖర్చూ చిన్నదే. ఫలితం మాత్రం చాలాసార్లు నలభై లూవర్ల కంటే ఎక్కువ ఉంటుంది.

టైమింగ్ లైటు పెట్టి చూడండి. ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు) టైమింగ్ వెనకబడి ఉంటే పేలుడు వేడి ఎక్కువగా ఎగ్జాస్ట్ వైపు, బ్లాకు నీళ్లలోకి వెళ్తుంది. వాక్యూమ్ అడ్వాన్స్ (టైమింగ్‌ని ముందుకు జరిపే పరికరం) హోస్ ఊడిపోయి ఉండటం మామూలే.

ఆపాక స్టార్ట్ కాని రకానికి ముందు చేయాల్సినవి వేరు. కార్బరేటర్ కింద ఫినాలిక్ స్పేసర్ (వేడి పైకి పాకనివ్వని దిమ్మ) పెట్టండి. పెట్రోల్ పైపు హెడర్లకు దూరంగా తిప్పండి. కుదిరితే ట్యాంకుకి రిటర్న్ లైను (మిగిలిన పెట్రోల్ వెనక్కి పోయే పైపు) వేయండి. చాలామందికి ఇంతటితోనే సరిపోతుంది.

4. హుడ్ ఉంచి ఒకసారి, తీసి ఒకసారి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చేసే ఓపిక ఉంటే ఇదే చేయండి. హుడ్ మొత్తం తీసేసినా నీళ్ల వేడి తగ్గకపోతే, అదే హుడ్‌కి కొన్ని చీలికలు పెడితే తగ్గుతుందా? తగ్గదు.

బయట ఎండ బాగా ఉన్న రోజు, గాలి తోలని సమయం చూసుకోండి. ఆరుబయటే చేయండి. తలుపు తెరిచి ఉంచినా గ్యారేజీలో వద్దు, ఎగ్జాస్ట్‌లోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ప్రోబ్ ఒకటి కార్బరేటర్ పక్కన గాలిలో వేలాడదీయండి, ఏ లోహానికీ తగలకూడదు. రెండోది బయట నీడలో పెట్టండి.

పావుగంట నడిపి తెచ్చి, హుడ్ మూసే ఉంచి, ఐడిల్‌లో 20 నిమిషాలు వదిలేయండి. ప్రతి 5 నిమిషాలకూ నీళ్ల వేడి, హుడ్ కింద గాలి వేడి, బయటి వేడి రాయండి. తర్వాత ఇంజిన్ ఆపి, మరో 20 నిమిషాలు కార్బరేటర్ దగ్గరి అంకెలు రాయండి. మర్నాడు అదే వేళకి, హుడ్ ఉంచే పావుగంట నడిపి తెచ్చాక, ఇద్దరు మనుషుల సాయంతో హుడ్ విప్పి పక్కన పెట్టి, మిగతాదంతా మళ్లీ చేయండి. హుడ్ లేని ఫ్యాన్ దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. మెడలో చున్నీ, వదులు చేతుల చొక్కా వద్దు.

రెండు రోజుల ఎండ ఒకేలా ఉండదు కాబట్టి ఉన్న అంకెలు ఉన్నట్టు పోల్చకండి. హుడ్ కింది వేడిలోంచి బయటి వేడి తీసేసి పోల్చండి. మొదటి రోజు హుడ్ కింద 175, బయట 95 అయితే తేడా 80. రెండో రోజు 150, 98 అయితే తేడా 52. పోల్చాల్సింది 80నీ 52నీ.

నేను పాటించే లెక్క ఇది. హుడ్ తీసినప్పుడు నీళ్ల వేడి 5 డిగ్రీల లోపే తగ్గితే లూవర్లు మీ సమస్యకు మందు కాదు, మూడో మెట్టుకి తిరిగి వెళ్లండి. 10 డిగ్రీలు దాటి తగ్గితే వేడి గాలి నిజంగానే ఇరుక్కుంటోంది. నీళ్లలో తేడా లేకున్నా, ఆపాక కార్బరేటర్ దగ్గరి వేడి 30, 40 డిగ్రీలు పడిపోయి బండి చక్కగా స్టార్ట్ అయితే లూవర్ల గురించి ఆలోచించొచ్చు. హుడ్ మొత్తం తీసినప్పుడు వచ్చేది అత్యధిక లాభం, లూవర్లు అందులో కొంత భాగమే ఇస్తాయని మాత్రం మరిచిపోకండి.

ఎంత భాగం? 4 అంగుళాల వెడల్పు, అర అంగుళం ఎత్తు ఉన్న లూవర్ నోరు, వంపు పోగా, సుమారు 1.5 చదరపు అంగుళాలు. నలభై కొట్టిస్తే 60 చదరపు అంగుళాలు. 20 అంగుళాల పొడవు, 20 అంగుళాల వెడల్పు రేడియేటర్ అయితే 400 చదరపు అంగుళాలు. అంటే వచ్చిన గాలిలో ఎక్కువ భాగం ఇప్పటికీ ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబ్‌కీ మధ్య అడ్డ రేకు) కిందుగా, గేర్‌బాక్స్ పక్కల నుంచే పోవాలి. ట్రక్కు బాగా కిందికి దించి, హెడర్లు పెద్దవి పెట్టి, ఆ కింది దారిని మూసేసి ఉంటే ముందు దాన్ని తెరవండి.

ప్రత్యామ్నాయంగా కొందరు హుడ్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి అంగుళం పైకి లేపుతారు. ఆగి ఉన్నప్పుడు వేడి పోతుంది, అది నిజమే. నడుస్తున్నప్పుడు సంగతి వేరు, కింద చెబుతున్నాను.

5. రోడ్డు మీద గాలి ఎటు పోతోంది?

మీ ఇబ్బంది ఆగి ఉన్నప్పుడే అయితే ఈ మెట్టు వదిలేయొచ్చు. హైవే కోసం అనుకుంటే మాత్రం తప్పదు.

నడుస్తున్న బండి హుడ్ మీద ప్రెషర్ అంతటా ఒకేలా ఉండదు. ముందు అంచు దాటగానే గాలి పైకి వంగే చోట తక్కువ, విండ్‌షీల్డ్ మొదట్లో ఎక్కువ. 1969 కమారో, 1970 షెవెల్‌లకు షెవర్లేవాళ్లు ఇచ్చిన కౌల్ ఇండక్షన్ హుడ్ (కౌల్ అంటే విండ్‌షీల్డ్ మొదట్లోని భాగం) ఆ వెనక ప్రెషర్‌ని వాడుకుని ఇంజిన్‌కి గాలి అందించేది. గాలి లోపలికి వెళ్లే చోట వేడి గాలి బయటకు ఎలా వస్తుంది? విండ్‌షీల్డ్‌కి ఆనించి లూవర్లు కొట్టించినవాళ్లకూ, హుడ్ వెనక అంచు పైకి లేపినవాళ్లకూ హైవేలో వేడి తగ్గకపోవడానికి కారణం ఇదే. క్యాబ్‌లోకి గాలి ఇచ్చే కౌల్ వెంట్ ఉన్న ట్రక్కుల్లో ఇంకో బాధ కూడా ఉంది. వెనక లూవర్లలోంచి వచ్చిన నూనె వాసన, వేడి నేరుగా మీ కాళ్ల మీదికి వస్తాయి.

సులువైన పరీక్ష ఊలు దారంతో. 3 అంగుళాల ముక్కలు కత్తిరించి, హుడ్ మీద జానెడు దూరంలో వరుసలుగా ఒక కొస మాత్రం టేపుతో అంటించండి. ట్రాఫిక్ లేని రోడ్డు మీద 45 మైళ్ల వేగంతో నడుపుతూ పక్క మనిషితో వీడియో తీయించండి. దారాలు వెనక్కి పడుకుని ఉన్నచోట గాలి నునుపుగా పోతోంది. లేచి గిరగిరా తిరుగుతున్నచోట గాలి గందరగోళంగా ఉంది, అక్కడ లూవర్లు వృథా.

కచ్చితంగా తెలియాలంటే నీళ్ల గొట్టం. గొట్టాన్ని యూ ఆకారంలో ఒక చెక్క మీద నిలువుగా బిగించి, సగం దాకా రంగునీళ్లు పోయండి. ఒక కొస ఇంజిన్ గదిలో, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టని చోట ఉంచండి. రెండో కొస మూసేసి, పక్కన సూదితో చిన్న రంధ్రం పెట్టి, ఆ రంధ్రం ఆకాశం వైపు ఉండేలా హుడ్ మీద టేపుతో అంటించండి. గొట్టం నోరు ముందుకు తెరిచి పెడితే ఎదురుగాలి దూరి లెక్కంతా తప్పుతుంది. హుడ్ వైపు నీళ్లు పైకి లేస్తే ఆ చోట ప్రెషర్ తక్కువ, లూవర్‌కి పనికొస్తుంది. కిందికి దిగితే పనికిరాదు. 60 మైళ్ల వేగంలో ఎదురుగాలి మొత్తం బలమే 44 మిల్లీమీటర్ల నీళ్ల ఎత్తు, 30 మైళ్లలో 11 మాత్రమే. మీకు కనిపించేది అందులో కొంత, కాబట్టి రెండు మూడు మిల్లీమీటర్ల తేడాని తేలిగ్గా తీసుకోకండి. ఊళ్లో తిరిగే వేగాల్లో హుడ్ మీది గాలి లూవర్లకు ఎంత తక్కువ సాయం చేస్తుందో కూడా ఈ అంకెలే చెబుతున్నాయి.

హెచ్చరిక: డ్రైవర్ కళ్లు రోడ్డు మీదే ఉండాలి, గొట్టం వైపు కాదు. హుడ్ గడియ సగం వేసి, లేదా హుడ్ విప్పేసి రోడ్డెక్కకండి.

6. మీ హుడ్ తట్టుకుంటుందా?

అయస్కాంతం గుడ్డ చుట్టి హుడ్ అంతా మెల్లగా జరపండి. పట్టు సడలిన చోట రంగు కింద పుట్టీ ఉంది. పుట్టీ ఉన్న రేకు మీద లూవర్ డై (ప్రెస్సులో రేకుని నొక్కి లూవర్ చేసే అచ్చు) పడితే అది పెంకులు పెంకులుగా లేచిపోతుంది. పుట్టీ అంతా తీసి, సొట్టలు రేకుతోనే సరిచేశాకే ప్రెస్సు దగ్గరికి తీసుకెళ్లాలి.

కింద నుంచి చూడండి. అడ్డ పట్టీలు, గడియ బిగించిన చోటు, రెండు రేకులు మడిచిన అంచులు, ఇవేవీ లూవర్ దారిలో ఉండకూడదు. పట్టీ అడ్డం వస్తోందని కోసేసేవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత హుడ్ హైవే మీద అలల్లా ఊగుతుంది. వంపు ఎక్కువగా ఉన్న చోట్ల కూడా కుదరదు. 1947లో మొదలైన ఆ గుండ్రటి షెవర్లే ట్రక్కు హుడ్ చూడటానికి ఎంత అందమో, లూవర్ కొట్టేవాడికి అంత కష్టం. అది ఎక్కడ వీలవుతుందో ప్రెస్సు నడిపే మనిషే చెప్పాలి.

ఫైబర్‌గ్లాస్ హుడ్ అయితే ఈ ఆలోచన మానేయండి, దానికి అచ్చులోనే పోసిన లూవర్లు కావాలి.

హుడ్ ట్రక్కుతోపాటు వచ్చిన అసలు హుడ్ అయి, బాగుంటే, దాన్ని కోయొద్దని గట్టిగా చెబుతాను. 1953-56 ఎఫ్-100లకు కొత్తగా తయారైన స్టీలు హుడ్‌లు దొరుకుతాయి. మిగతావాటికి సెకండ్ హ్యాండ్ వెతకండి. ఆ రెండోదానికి కొట్టించి, అసలుది దుప్పటి చుట్టి అటక మీద పెట్టండి. రేపు మనసు మారినా, ట్రక్కు అమ్మాల్సి వచ్చినా ఆ హుడ్ విలువ తెలుస్తుంది. నలభై చీలికలు వెల్డింగ్‌తో మూయించడం కన్నా ఇది ఎంతో చవక.

7. కాగితం లూవర్లతో వారం రోజులు

లావుపాటి కాగితాన్ని లూవర్ కొలతకి కత్తిరించి, మీరు అనుకున్న వరుసల్లో హుడ్ మీద అంటించండి. డైలు సాధారణంగా 3 నుంచి 5 అంగుళాల వెడల్పులో ఉంటాయి. ముందుగా హుడ్ నడిమి గీతని దారం లాగి గుర్తుపెట్టండి. అంచుల నుంచి కొలవొద్దు, డెబ్భై ఏళ్ల నాటి హుడ్‌కి రెండు అంచులూ సమానంగా ఉంటాయన్న నమ్మకం లేదు.

రెండు వరుసలు, నాలుగు వరుసలు, వెనక్కి పోయేకొద్దీ వెడల్పు పెరిగే వరుసలు, మార్చి మార్చి చూడండి. ఇరవై అడుగుల దూరం నుంచి ఫొటో తీయండి, పొద్దున ఏటవాలు ఎండలో ఒకటి, మధ్యాహ్నం ఒకటి. లూవర్ అందమంతా దాని నీడలో ఉంటుంది. మొదటి రోజు హుడ్ నిండా కావాలనిపిస్తుంది, వారం గడిచాక సగం పీకేస్తారు. నా కంటికి మటుకు ఎఫ్-100 లాంటి వెడల్పాటి హుడ్‌కి ముందు సగంలో రెండు పొట్టి వరుసలు ఉంటేనే నిండుగా కనిపిస్తుంది.

కాగితాలు ఉండగానే హుడ్ కింద ఏముందో చూసుకోండి. షెవర్లే వీ8 ఇంజిన్‌కి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ పంచే భాగం) వెనక ఉంటుంది, ఫోర్డ్ 302 ఇంజిన్‌కి ముందు ఉంటుంది. లూవర్ సరిగ్గా దాని నెత్తిన పడకూడదు. ఎయిర్ క్లీనర్‌కీ అంతే.

8. కొట్టించే చోట

ఈ పని చేసే షాపులు తక్కువ, ఎక్కువమంది ఒక్కో లూవర్‌కి ఇంత అని తీసుకుంటారు. డబ్బు మాట్లాడేముందు ఇవి అడగండి. ప్రెస్సు గొంతు లోతు ఎంత, నా హుడ్ నడిమి దాకా అందుతుందా? రేకు సాగి వంకర పోకుండా ఏం చేస్తారు? గుర్తులు పైన పెట్టాలా, కింద పెట్టాలా? అదే మందం రేకు ముక్క మీద ఒకటి కొట్టి చూపిస్తారా? ఆ నమూనా చేత్తో పట్టుకుని మూలలు చూడండి. చీలిక చివర రేకు చిరగకుండా నునుపుగా తిరిగి ఉంటే పనితనం ఉన్నట్టు.

తీసుకెళ్లేముందు రంగు మొత్తం గీకించండి. హుడ్ రెండు వైపులా పెద్ద బాణం గీసి "ముందు" అని రాయండి, అక్కడివాళ్లకు అర్థమయ్యే భాషలో. ప్రెస్సులో హుడ్ అటూ ఇటూ తిరుగుతుంటుంది. ఒక్క వరుస నోరు ముందుకు పడిందంటే అది గాలినీ వాననీ లోపలికి తోడే గరిటె అయిపోతుంది.

డెంటింగ్ పని మొత్తం లూవర్లకు ముందే అయిపోవాలి. తర్వాత ఆ వరుసల మధ్య ఇసుక కాగితం చెక్క తిరగదు, చిన్న సొట్ట కూడా అలాగే ఉండిపోతుంది.

9. అయ్యాక సరిచూసుకోవడం

ఇంటికి తెచ్చిన రోజే రెండు వైపులా ఎపాక్సీ ప్రైమర్ పడాలి. తుప్పు మొదలయ్యేది పైన కాదు, కోసిన అంచు లోపలి పక్క. పైన ఎంత ఖరీదైన రంగు వేసినా ఆ అంచుని వదిలేస్తే ఏడాదికల్లా ఎర్రటి చారలు కారతాయి. స్ప్రే అందకపోతే సన్నటి బ్రష్‌తో వేయండి.

నాలుగో మెట్టులోని పరీక్ష మళ్లీ చేయండి, అదే వేళ, అదే దారి, అంతే ఎండ. మధ్యలో ఇంకే మార్పూ చేయకూడదు. లూవర్లతోపాటు కొత్త ఫ్యాన్ కూడా పెట్టించి "లూవర్లతో 15 డిగ్రీలు తగ్గింది" అని చెప్పుకునేవాళ్లు చాలామంది. ఎందువల్ల తగ్గిందో వాళ్లకూ తెలియదు.

వాన సంగతి చూసుకోండి. నడుస్తున్నప్పుడు పడే వాన కన్నా ఆపి ఉంచినప్పుడు పడే వానే ఎక్కువ దూరుతుంది. తోటకి నీళ్లు పెట్టే పైపుతో 5 నిమిషాలు హుడ్ మీద సన్నగా జల్లి, హుడ్ ఎత్తి టార్చి లైటుతో చూడండి. డిస్ట్రిబ్యూటర్ మూత మీదో, కార్బరేటర్ మీదో చుక్కలు ఉంటే లూవర్ల కింద సన్నటి అల్యూమినియం పళ్లెం బిగించి, చిన్న గొట్టంతో నీళ్లు పక్కకి దించండి. పళ్లేనికీ లూవర్లకూ మధ్య కనీసం అంగుళంన్నర ఖాళీ ఉంచండి, లేకపోతే వేడి గాలికి తీసిన దారి మళ్లీ మీరే మూసినట్టు. ప్రెషర్‌తో నీళ్లు కొట్టే కార్ వాష్‌కి ఇక వెళ్లొద్దు.

వెయ్యి మైళ్లు తిరిగాక ప్రతి లూవర్ రెండు మూలలనూ వేలితో తడిమి చూడండి. రంగులో వెంట్రుకంత గీత కనిపిస్తే రేకు పగలడం మొదలైనట్టు. దాని చివర 2 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే పగులు అక్కడితో ఆగుతుంది, తర్వాత తీరిగ్గా వెల్డింగ్ చేయించుకోవచ్చు. అలాంటి గీతలు ఒకే వరుసలో మూడు నాలుగు కనిపిస్తే తప్పు లూవర్లది కాదు, హుడ్ ఊగుతోంది. గడియ, హింజ్‌ల బోల్టులు, కింది రబ్బరు బుడిపెలు బిగించి, మళ్లీ 60లో నడిపి హుడ్ కదులుతోందేమో చూడండి.